విడదీయమన్నారు

పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంటే అది చలి పనేననుకుంది మాలిపువో. మొటెంగ్ కనుమ మీద చలి కాక ఇంకేముంటుంది. చలికాలం పోయి సెప్టెంబరు వచ్చేసింది, కింద లోయల్లో పీచు పండ్ల చెట్లు ఆకు లేకుండా పూతతో ఊగుతూ ఉంటాయి ఈపాటికి, అయినా ఇక్కడ పైన రోడ్డుకు రెండు పక్కలా మంచు మాసిన కంబళిలా పడే ఉంది. పికప్పు వెనకాల ఉన్ని బస్తాలు తాళ్లతో బిగించి ఉన్నాయి. అవి వెనక సీట్లో కూర్చున్న ఖ్వాబనె పెద్దాయనవి, ఆయన ప్రతి మలుపులోనూ మెడ తిప్పి బస్తాల్ని చూసుకుంటున్నాడు, ఎవరో దారిలో ఎత్తుకుపోతారన్నట్టు. పక్క సీట్లో ఆడపడుచు సెబుయెంగ్, కంబళి గడ్డం దాకా లాక్కుని, నోరు మాత్రం బయట పెట్టుకుని. వేలి కొసలు కూడా జిల్లుమంటున్నాయి. చలే. స్టీరింగు ఇనుముకన్నా చల్లగా ఉంది. నిన్న గిన్నెలు కడుగుతున్నప్పుడు కూడా ఇలాగే జిల్లుమన్నాయి, నీళ్లు చల్లన అనుకుంది. మొన్న పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడూ అలాగే. పొయ్యి దగ్గర చలేమిటి? ఆ ప్రశ్న వచ్చింది, వచ్చినట్టే పోయింది, ఎదురుగా మలుపు వచ్చింది కనక.

మెడ తేలికైపోయి మూడు నెలలైనా ఇంకా అలవాటు కాలేదు. తల తిప్పినప్పుడల్లా ఏదో వెంట తిరగాలి, తిరగడం లేదు. పెళ్లికి ముందే మొదలైన గడ్డ అది, మొదట గువ్వ గుడ్డంత, తర్వాత ముడుచుకున్న పిడికిలంత, చివరికి పడుకుంటే ఊపిరికే అడ్డం వచ్చేంత. శాలువా చుట్టుకోకుండా పెళ్లికి గానీ చావుకు గానీ వెళ్లింది లేదు. రాజధానిలో డాక్టరు అద్దం ముందు నిలబెట్టి, దీన్ని మొత్తం తీసేయాలమ్మా, తీసేశాక అది చేసే పని మాత్ర చెయ్యాలి, బతికినంత కాలం, అన్నాడు. సరే అంది. కోసి పంపేటప్పుడు రెండు సీసాలిచ్చారు. ఒకదాంట్లో చిన్న చిన్న మాత్రలు, గోటి మీద పెడితే కనిపించనంతవి. ఇంకోదాంట్లో పెద్దవి, తెల్లవి, బడిలో సుద్దముక్క విరిచినట్టుండేవి. చిన్నది గడ్డకు బదులు. పెద్దది సున్నం, కాల్షియం, ఎందుకో కూడా చెప్పారు. గడ్డ వెనకాల అంటుకుని ఇంకేవో గింజలంతవి ఉంటాయట, కోతలో అవి దెబ్బతిన్నాయట. అప్పటికి ఆమెకు మత్తు పూర్తిగా దిగలేదు. తలూపింది. ఇంటికొచ్చి రెండూ అరచేతిలో పోసుకుని పొద్దున్నే అంబలితో గుటుక్కున మింగేది, ఒక్కసారే, మళ్లీ మళ్లీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు. సుద్దమాత్రలు పగలు ఇంకో రెండుసార్లు కూడా వేసుకోమన్నారు కానీ ఆ రెండు కూడా పొద్దున్నే కలిపి కానిచ్చేసేది. తర్వాత నెమ్మదిగా ఒళ్లు బరువెక్కింది. ముఖం ఉబ్బింది. ఎండలో కూర్చున్నా వణుకు, కూర్చున్న చోటే నిద్ర. కోసినది మళ్లీ లోపల పెరుగుతోందేమోనని భయం, ఎవరితోనూ అనలేదు. ఆఖరికి ఊళ్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్తే రక్తం తీసి, కాగితం చూసి, చిన్న మాత్ర వేసుకుంటున్నావా లేదా అని గద్దించినట్టు అడిగింది నర్సు. వేసుకుంటున్నానంది. ఎలా వేసుకుంటున్నావంది. చెప్పింది. నర్సు నుదురు కొట్టుకుంది. "ఆ రెండూ కలిస్తే పెద్దది చిన్నదాన్ని పట్టేసుకుంటుందమ్మా, ఒంట్లోకి పోనివ్వదు. నువ్వు మింగీ మింగనట్టే. వాటిని విడదియ్యాలి. తెలిసిందా? విడదియ్." వెనకాల వరస బారెడుంది, ఎవరి బిడ్డో గుక్కపట్టి ఏడుస్తోంది. తెలిసిందని లేచొచ్చింది.

తెలిసింది ఎవరికి? దారిలో సెబుయెంగే తేల్చేసింది. "విడదియ్యమంటే ఇంకేముందే? పోట్లాడుకునే సవతులిద్దర్నీ విడదియ్యాలంటే ఏం చేస్తారు, ఒకత్తెను పుట్టింటికి పంపేస్తారు. అసలు మందు చిన్నది. ఆ సుద్దముక్కలు బలానికి ఇస్తారు, మా చిన్నాయన కోడలికి కానుపప్పుడు సంచెడు ఇచ్చారు, కోళ్లకు వేసింది, గుడ్డు పెంకు గట్టిగా వచ్చింది. పంపెయ్ దాన్ని." ఇద్దరూ నవ్వారు. మాలిపువో ఆ సీసాను అటక మీద, పిండి డబ్బా వెనకాల పెట్టేసింది. మొదటి రెండు రోజులు హాయిగానే ఉంది. సుద్ద వేసుకున్నన్నాళ్లూ బిగుసుకుపోయిన కడుపు కూడా వదిలింది, చూశావా, అంది సెబుయెంగ్, నేను చెప్పలా. వారం కావస్తోందిప్పుడు. చీమలు ఎప్పుడు మొదలయ్యాయి? నాలుగో రోజా? ఆ రోజు మాట్లాడుతుంటే పై పెదవి ఎవరో దారం కట్టి లాగినట్టు ఎగిరింది. సెబుయెంగ్ చూసింది. చూసి ఏమీ అనలేదు. ఎందుకనలేదు?

రెండో గేరు. దిగేటప్పుడు బ్రేకును నమ్మకు, గేరును నమ్ము. ఇది ఆమె మొగుడు మొహాపి మాట. ఇదే కనుమ మీద, ఇప్పుడు సెబుయెంగ్ కూర్చున్న ఈ సీట్లోనే కూర్చుని, దగ్గుతూ, దగ్గుకూ దగ్గుకూ మధ్య నేర్పాడు. గని దుమ్ము లోపల పేరుకుపోయాక తను నడపలేనని తెలిసి, గనిలో చేసిన ఏళ్లన్నీ కరిగించి కొన్న బండి మూలన పడకూడదని. క్లచ్చి నెమ్మదిగా. అద్దం చూడు. భయపడితే ఊపిరి పట్టకు. పోయాడు. ఆయన్ను పూడ్చిన మట్టి ఆరకముందే ఇంటి ముందర అందరూ కూర్చున్న చోట సెబుయెంగ్ లేచి నిలబడి అంది, బండి మా తమ్ముడిది, మా నాన్న ఇంటి సొమ్ము అని. ఊరి పెద్ద గడ్డం గోక్కుని, ఆమె ఒంటి మీది మైల గుడ్డ తీసేదాకా బండి ఆమె దగ్గరే ఉండనివ్వండి, తర్వాత చూద్దామన్నాడు. గుడ్డ తీసి నాలుగు నెలలవుతోంది. ఆ తర్వాతే కోత, మంచం. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కానీ ప్రతి ప్రయాణానికీ సెబుయెంగ్ వచ్చి పక్కన కూర్చుంటుంది. సాయానికి అంటుంది. సాయానికా, కాపలాకా? రాజధానికి వెళ్లినప్పుడు మంచం పక్కన నేల మీద పడుకున్నదీ ఆమే. తల దువ్వినదీ ఆమే. మాత్ర మానెయ్యమన్నదీ ఆమే. ఆ మూడూ ఒకే మనిషి ఎలా అవుతుంది? అవుతుందేమో. పాలు పితికే చెయ్యే గొంతూ కోస్తుంది కదా, పెళ్లి మేకకైనా పండుగ గొర్రెకైనా. ఛీ, ఏం ఆలోచనలివి. మంచు మీద ఎండ పడి కళ్లు పొడుస్తోంది. బొటనవేలు ఏదీ?

బొటనవేలు స్టీరింగు మీద లేదు. అరచేతిలోకి ముడుచుకుపోయింది, తను ముడవలేదు. చూస్తుండగానే మిగతా నాలుగు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని, నిటారుగా బిగిసి, కొసలు కలిసి, కొంగ ముక్కులా తయారయ్యాయి. ఎడమ చెయ్యి. మణికట్టు లోపలికి వంగుతోంది. కుడి చేత్తో గట్టిగా పట్టుకుంది, ఆ పట్టుకోవడంలోనే కుడి బొటనవేలు కూడా కదిలింది, నిద్రలో పక్కకు దొర్లినట్టు, లోపలికి. రోడ్డు ముందర ఒంపు తిరిగి కిందికి పోతోంది, ఆ ఒంపు అవతల ఏమీ లేదు, నీలం తప్ప, ఎంతో కింద నీలం, అందులో దారంలా ఏరు. ఊపిరి ఎగదన్నింది. ఒకటి మీద ఒకటి, ఒకటి మీద ఒకటి, కుక్క రొప్పినట్టు. రొప్పిన కొద్దీ వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.

"వదినా. నా చెయ్యి నా మాట వినడం లేదు."

"ఏ చెయ్యి?"

"రెండూ."

సెబుయెంగ్ కంబళిలోంచి తల తిప్పి చూసింది. చూసి, "అమ్మో" అంది, మెల్లగా, తనకు మాత్రమే వినబడేలా. వెనకనుంచి ఖ్వాబనె ముందుకు వంగాడు. "ఇవి పోయిన పెద్దలు పట్టిన చేతులమ్మా. మా మేనత్తకు ఇలాగే వంకర్లు పోయాయి, తర్వాత ఆవిడ సోదె చెప్పింది. పిలుస్తున్నారు నిన్ను."

"పిలిస్తే కిందికి దిగాక పిలవమను, పెద్దయ్యా!" అరిచింది సెబుయెంగ్. "ఆపవే, మాలిపువో, బండి ఆపు!"

ఆపడం. కాలు బ్రేకు మీద ఉంది, కానీ మలుపులో ఆపితే వెనకనుంచి చూసుకోని లారీ వచ్చి గుద్దుతుంది, నీడలో నల్లగా మెరిసేది నీళ్లు కాదు, గడ్డకట్టిన మంచు, గట్టిగా తొక్కితే బండి తనంతట తను జారి నీలంలోకి పోతుంది. ఇదంతా ఆమెకు తెలుసు. చెప్పాలి. చెప్పబోతే గొంతు బిగుసుకుంది, లోపల ఎవరో తాడు ముడి వేస్తున్నట్టు, మాట సన్నగా, చిన్నపిల్ల గొంతులా వచ్చింది. కోసినచోటే. కోసి కుట్టినచోటే. ఇందుకా కోయించుకుంది. ఎదురుగా మొహాపి సమాధి మీద రాళ్లు కనిపించాయి, వాటి మధ్య మొలిచిన గడ్డి, ఎంత స్పష్టంగానో, గడ్డి మీద నల్లటి పురుగు. లిపువోకు ఎవరు చెప్తారు? బోర్డింగు బడిలో ఉన్న కూతురికి, లెక్కల పరీక్ష రాస్తూ ఉండి ఉంటుంది ఈ వేళప్పుడు, పెన్ను కొస కొరుకుతూ. బండి సెబుయెంగ్‌కు పోతుంది. బండి లోయలోకి పోతే ఎవరికీ పోదు. ఆ ఆలోచనకు నవ్వొచ్చింది, నవ్వు రాలేదు, పెదవి పక్కకు లాగింది అంతే.

"పట్టుకో," అంది. "వదినా. నా చేతుల మీద. పట్టుకో."

సెబుయెంగ్ జన్మలో స్టీరింగు ముట్టుకోలేదు. కంబళి జారిపోతే పోనిచ్చి, ఒంగి, మాలిపువో ఒడి మీదుగా దాదాపు పడుకుని, బిగుసుకుపోయిన ఆ రెండు కొంగముక్కుల మీద తన వెడల్పాటి చేతులు వేసి, స్టీరింగుకు అదిమి పట్టింది. ఆమె తల మాలిపువో గడ్డం కింద ఉంది, జుట్టులోంచి పొగ వాసన, గొర్రె కొవ్వు వాసన. "చెప్పు. ఎటు?"

"నా వైపు. కొంచెం. ఇంకా. చాలు." ఒక్కో మాట గొంతులో గీసుకుంటూ వచ్చింది. బండి ఒంపు తిరిగింది. చక్రం కింద గులకరాళ్లు అంచు దాటి రాలిన చప్పుడు వినిపించింది. "నీ వైపు. ఇప్పుడు నీ వైపు. వదలకు." పిక్కలో కూడా కండ బిగుసుకుంటోంది, కాలు తనది కానట్టు, అయినా మడమ ఆన్చి మెల్లమెల్లగా నొక్కుతోంది, వదులుతోంది, నొక్కుతోంది. ఊపిరి పట్టకు. ఎవరన్నారు, మొహాపియా, సెబుయెంగా. సెబుయెంగే, కిందనుంచి గొణుగుతోంది, "మెల్లగా పీల్చవే, కానుపు నొప్పుల్లో పీల్చినట్టు మెల్లగా, నాతో పాటు, ఊఁ, వదులు." ఆమె వీపు మాలిపువో పొట్ట మీద లేచి పడుతోంది. దాంతో పాటు పీల్చింది. దాంతో పాటు వదిలింది. వేళ్లు వదల్లేదు గాని అంతకన్నా బిగుసుకోలేదు. ఎదురుగా రోడ్డు కాస్త సాపైంది, కొండ వైపున మంచు ఊడ్చి పోసిన గుట్ట.

"గుర్రమైతే దూకి కళ్లెం పట్టేవాణ్ణి," అంటున్నాడు వెనకాల ఖ్వాబనె, ఏడుపు గొంతుతో. "దీనికి కళ్లెం ఎక్కడుందో చెప్పండమ్మా."

"సీట్ల మధ్యలో బ్రేకు కర్ర," అంది మాలిపువో. "పైకి. లాగు."

పెద్దాయన రెండు చేతులా లాగాడు. బండి మూలిగి, మంచు గుట్టలోకి ముక్కు దూర్చి, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇంజను ఆగింది. అంత నిశ్శబ్దం. ఎక్కడో దూరంగా గొర్రెల మెడల్లో గంటలు. సెబుయెంగ్ మాత్రం ఆమె చేతుల మీదనుంచి చేతులు తియ్యలేదు, బండి ఆగిందని తెలియనట్టు, అలాగే పట్టుకుని, "ఎటు? ఇప్పుడెటు?" అని అడుగుతూనే ఉంది.

వెనకే దిగుతున్న వ్యాను ఆగి ఇద్దర్నీ ఎక్కించుకుంది. ఖ్వాబనె రాలేదు, ఉన్నిని వదిలి రానన్నాడు, చక్రాల కింద రాళ్లు పెట్టి, బస్తాలకు ఆనుకుని, కంబళి తల మీదుగా కప్పుకుని కూర్చున్నాడు. వ్యానులో తలా ఒకటి అన్నారు. చేతిలో ఉప్పు పెట్టమన్నారొకరు, ఇనుప తాళం పెట్టమన్నారొకరు, చేతబడి అని ఒకామె తన బిడ్డను అటు పక్కకు తిప్పుకుంది. "నోరు ముయ్యండి," అంది సెబుయెంగ్ అందర్నీ. మాలిపువో వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని తెరవబోయేది, తెరిచింది తెరిచినట్టే మళ్లీ ముడుచుకునేది, ఇంకో వేలు పట్టుకునేది. మాలిపువో కిటికీ అద్దానికి తల ఆన్చి ఉంది. దిగే కొద్దీ మంచు పలచబడింది, పచ్చిక కనిపించింది, మట్టి గోడల పక్కన పీచు పూత గులాబీరంగు పొగలా కనిపించి వెనక్కి పోయింది. ఎంత అందంగా ఉందో. ఇంత అందంగా ఉన్నదాన్ని చూస్తూ ఈమె నన్ను చంపాలనుకుందా అని ఆలోచించడం ఎంత అసహ్యం. అయినా ఆలోచన ఆగలేదు. సీసా పిండి డబ్బా వెనక పెట్టింది నా చేతులే. పంపెయ్యమన్నది ఈమె. ఈమె చేతులే ఇప్పుడు వేళ్లు తెరుస్తున్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మది చిన్న వయసు, జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది. మెడ మీద గాటు చూసింది, చేతులు చూసింది, చెవి ముందర వేలితో చిన్నగా తట్టింది. తట్టగానే పెదవి ఎగిరింది. "కాల్షియం వేసుకుంటున్నావా?" అంది వెంటనే.

మాలిపువో నోరు తెరవబోయింది. సెబుయెంగ్ ముందే అంది, "నేనే మాన్పించాను. విడదియ్యమన్నారు. విడదియ్యడమంటే మానెయ్యడమనుకున్నాను. ఏం చేస్తారో నన్ను చెయ్యండి."

డాక్టరమ్మ ఏమీ చెయ్యలేదు. నరంలో సూది పెట్టి మందు చాలా నెమ్మదిగా ఎక్కించింది, గుండె మీద తీగలు అతికించి, తెర మీద గీతను చూస్తూ. కాసేపటికి మాలిపువో ఒళ్లంతా వెచ్చబడింది, లోపలినుంచి, చాలా రోజుల తర్వాత, ఎవరో పొయ్యి రాజేసినట్టు. గొంతులో ముడి వదిలింది. ఎడమ బొటనవేలు కదిలింది. తర్వాత చూపుడు వేలు. ఆమె తన చేతుల్ని కళ్ల ముందుకు తెచ్చుకుని, ముడిచి, తెరిచి, ముడిచి, తెరిచింది. డాక్టరమ్మ ముక్కు తుడుచుకుంటూ చెప్పింది, ఈసారి ఇద్దరికీ, ఒక్కో మాటా ఆపి ఆపి. "రెండూ కావాలి నీకు. ఏదీ మానకూడదు. చిన్నది తెల్లారి లేవగానే, ఖాళీ కడుపున, మంచినీళ్లతో. అంబలి గంట ఆగి తాగు. తెల్లది నాలుగు గంటలు గడిచాక, మధ్యాహ్నం సంకటితో, మళ్లీ రాత్రి తిండితో. రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము మాత్రలు, కడుపు మంట మాత్రలు, అవి కూడా చిన్నదాని దగ్గరికి రానివ్వకు. కొత్తది ఏది వేసుకోవాలన్నా, ఉన్నది ఏది మానాలన్నా ముందు మమ్మల్ని అడుగు. ఇప్పుడు నువ్వు చెప్పు, ఏం చెప్పానో." మాలిపువో చెప్పింది. "నువ్వు చెప్పు," అంది సెబుయెంగ్ వైపు తిరిగి. సెబుయెంగ్ బడిపిల్లలా నిలబడి చెప్పింది, ఒకచోట తప్పింది, మళ్లీ చెప్పించుకుంది. వ్యాను డ్రైవరు ఎవర్నో వెంటబెట్టుకుని ఖ్వాబనె కోసం, బండి కోసం మళ్లీ పైకి వెళ్లాడని కబురొచ్చింది. డాక్టరమ్మ వెళ్లిపోయింది.

సీసాలో మందు బొట్లుబొట్లుగా దిగుతోంది. అడగకుండా ఉండొచ్చు. ఊరికే కళ్లు మూసుకోవచ్చు. ఇన్నాళ్లూ అలాగే కదా, తలూపుతూ, తెలిసిందంటూ.

"వదినా, నీకు బండి కావాలా?"

సెబుయెంగ్ కిటికీలోంచి చూస్తోంది.

"కావాలి," అంది. "ఎందుకు అబద్ధం. మా తమ్ముడి బండి. దాన్ని చూసినప్పుడల్లా వాడే కనిపిస్తాడు, నువ్వు నడుపుతుంటే వాడి చోట్లో నువ్వు కూర్చున్నావని కడుపు మండుతుంది." ఇటు తిరిగింది. ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది. "కానీ బండే కావాలనుకుంటే ఊరి పెద్ద దగ్గర పంచాయితీ పెట్టి, నలుగురిలో నీ జుట్టు పట్టుకుని తీసుకుంటాను గాని, నీ మాత్రలు దాస్తానా? అలా అనుకున్నావు కదూ? ఆ వ్యానులో నీ చూపు చూశాను."

"అనుకున్నాను."

"అనుకో. నీ నోరు ఎగురుతుంటే చూసి కూడా ఊరుకున్నాను. నా మాట తప్పని ఒప్పుకోవాల్సొస్తుందని. నువ్వనుకున్నదే నయం దానికన్నా."

మాలిపువో దుప్పటి మీద వేళ్లు ముడిచి తెరిచింది. కోపం ఉంది, దాన్ని వెతుక్కుంటే దొరికింది కూడా, కానీ దాని పక్కనే ఆ పొగ వాసన జుట్టు, పొట్ట మీద లేచి పడిన ఆ వీపు, అవీ కోపమూ ఒకదాన్నొకటి మింగలేదు, ఉన్నచోట ఉన్నాయి. పంచాయితీ ఉంటుంది. ఉండనీ. నలుగురిలో తనూ నిలబడి మాట్లాడుతుంది, గొంతు వచ్చేసింది కదా.

ఆయా కంచం తెచ్చి మంచం మీద పెట్టింది, మొక్కజొన్న సంకటి, ఆకుకూర, పక్కన చిన్న కాగితంలో తెల్లటి సుద్దమాత్ర. సెబుయెంగ్ ఆ మాత్రను తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. "చిన్నది ఎప్పుడు వేసుకున్నావు?"

"చీకటితో. బయల్దేరేముందు."

సెబుయెంగ్ వసారాలోకి వెళ్లింది. అక్కడ ఎవరినో టైమెంతయిందని అడగడం, వాళ్లు చెప్పడం, ఆమె పైకే లెక్క వేసుకోవడం, మళ్లీ ఇంకొకర్ని అడగడం వినిపించింది. లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాలుగు గంటలూ గడిచాయి," అంది. "ముందు రెండు ముద్దలు తిను. తర్వాత ఇస్తాను."

మాలిపువో చెయ్యి చాచి, ఐదు వేళ్లతో సంకటి తుంచుకుంది.